విన్నవారి వేలిముద్ర

పోయిన వారం నన్ను నేనే మెట్ల మీద నిలబెట్టి వదిలేశాను. మూడో అంతస్తుకు ఇంకా ఎనిమిది మెట్లున్నాయి, చేతిలో ఒక కార్డుంది, ఒంటినిండా కోపముంది. చదివినవారికి ఈపాటి గుర్తు చాలు. చదవనివారి కోసం నాలుగు ముక్కలు చెప్పి పైకి ఎక్కుతాను.

నాది మాటలకు అర్థాలు రాసే ఉద్యోగం. వైద్యం, జీవశాస్త్రం మాటలు. ప్లీహం అంటే ఏమిటి, ఎంజైము అంటే ఏమిటి అని అరచేతి పొడవు కార్డుల మీద రాస్తాం. కార్డు ముందువైపు మాట, దాని నిర్వచనం. వెనకవైపు మూడు గడులు: రాసినవారు, సరిచూసినవారు, విన్నవారు. ఈ కార్డులన్నీ కలిసి పదకోశం అవుతాయి. మా పదకోశంలో ఏ మాటకు ఏ అర్థముంటే మెడికల్ బోర్డు ముందు ఆ మాటకు అదే అర్థం. చట్టంలోనే అలా రాసిపెట్టారు.

శుక్రవారం పొద్దున అచ్చుకు పోవలసిన చివరి కట్ట చూస్తుంటే సిలికోసిస్ కార్డు కంటపడింది. అది నేను రాసిన కార్డే. రాయి పొడిచేసే చోట గాలిలో తేలే సన్నని సిలికా ధూళిని పీల్చడం వల్ల ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే వ్యాధి అని రాశాను. ధూళి ఎక్కువైతే కొద్ది ఏళ్ళలోనే, ఒక్కోసారి నెలల్లోనే రావచ్చునని, పని మానినా తగ్గదని, ముదరవచ్చునని కూడా రాశాను. ఇప్పుడు చూస్తే ఆ చివరి మాటలన్నీ కొట్టేసి ఉన్నాయి. 'ధూళిని' పక్కన ఎర్రసిరాతో 'ఇరవై ఏళ్ళకు తక్కువ కాకుండా' అని చేరింది.

మా ఆఫీసులో టీ పెట్టే ఆవిడను అందరం టీ వదిన అంటాం. ఆవిడ భర్త పలుగురాళ్ళ మిల్లులో, పొడి గదిలో పదకొండేళ్ళు పనిచేశాడు. రెండేళ్ళుగా పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. సోమవారం బోర్డు అతన్ని చూస్తుంది. సిలికోసిస్ అని తేలిస్తే ఛాతీ ఆసుపత్రిలో మంచం దొరుకుతుంది. మామూలు దగ్గని తేలిస్తే మంగళవారం మళ్ళీ పొడి గదిలోకే. ఇక ఎర్రసిరా సంగతి మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఎనిమిది మెట్లూ ఎక్కాను.

మా పెద్దసారు గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. చుట్టూ ఇనప బీరువాలు, బీరువాల నిండా సొరుగులు, సొరుగుల నిండా కార్డులు. ఫ్యాను తిరిగితే కార్డులు ఎగురుతాయని ఆయన ఎండాకాలంలో కూడా ఫ్యాను వేసుకోరు. చెమట తుడుచుకుంటూ తప్పులు దిద్దుతారు. ఎర్రసిరా కలం ముప్పై ఏళ్ళుగా ఆయన జేబులోనే ఉంటుంది, చొక్కాలకు మరకలు కూడా అక్కడే ఉంటాయి.

"ఈ ఎర్రసిరా మీదేనా సార్?" అన్నాను.

ఆయన కార్డు చూశారు. నన్ను చూశారు. మళ్ళీ కార్డు చూశారు.

"చేయి నాదే. మాట నిపుణుల కమిటీది."

"కమిటీలో ఊపిరితిత్తుల మాటలు చూసేది ఒక్కరే."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్నాను."

ఆ ఒక్కరూ మా అక్క. మిల్లు క్లినిక్కులో డాక్టరు. అమ్మ పోయాక నాకు తల దువ్వింది, చదువు చెప్పించింది, ఈ ఉద్యోగానికి దరఖాస్తు కూడా తనే నింపింది. అలాంటి అక్క మీద కోపం వస్తే అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకే మొత్తం తెచ్చి పెద్దసారు బల్ల మీద పెట్టాను.

"పదకొండేళ్ళకే ఒకడు కూర్చుని నిద్రపోతున్నాడు సార్. ఇరవై ఏళ్ళు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?"

"నిపుణులు చెప్పారమ్మా. మనం భాష చూసేవాళ్ళం. నాలుగింటికి కట్ట అచ్చుకు పోవాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కత్తిపీటకు దురద లేదు సార్. వెనకవైపు చూడండి."

ఆయన కార్డు తిప్పారు. రాసినవారు: నేను. సరిచూసినవారు: ఆయన. విన్నవారు: దిద్దకముందున్న నిర్వచనానికి టీ వదిన వేసిన వేలిముద్ర.

"దిద్దిన కార్డు కొత్త కార్డే. మళ్ళీ వినిపించాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు, మీరు పెట్టిందే" అన్నాను.

ఈ నియమం సంగతి కొంచెం చెప్పాలి. పెద్దసారు తల్లికి చదువు రాదు. ఆవిడకిచ్చిన మందు చీటీ మీద ఏదో పెద్ద మాట ఉందట. పక్కింటివాళ్ళు ఒక అర్థం చెప్పారు, ఈవిడ ఇంకోలా అనుకుంది, వారం తిరక్కుండా మనిషి దక్కలేదు. ఆ తర్వాత ఆయన ఈ పదకోశం మొదలుపెట్టినప్పుడు మూడో గడి గీశారు. చదువురాని మనిషికి నిర్వచనం పైకి చదివి వినిపించాలి. విన్నవారు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే వేలిముద్ర వేయాలి, లేకపోతే కార్డు వెనక్కి రావాలి. ఎంత గొప్ప ప్రొఫెసరు రాసినా సరే.

తొమ్మిదేళ్ళుగా మాకు వినే మనిషి టీ వదినే. ఎంజైము అంటే ఒంట్లో పనులు త్వరగా జరిగేలా చేసి తాను మాత్రం తరగకుండా ఉండేది అని చదివితే, "అయితే నేను ఎంజైమును కాదు మరదలా, నేను తరిగిపోయాను" అంది. పరాన్నజీవి చదివితే మాత్రం తిరిగి చెప్పడానికి క్షణం పట్టలేదు. "మా మరిది" అని వేలు సిరాలో ముంచింది. ఆ కార్డు చెల్లుతుందా లేదా అని మేం ఒక పూటంతా వాదించుకున్నాం.

పెద్దసారు గడియారం చూశారు. పన్నెండున్నర.

"సరే పిలు. వినిపించి తెమిల్చేద్దాం."

తెమిలిపోతుందనే అనుకున్నారు పాపం.

*

టీ వదిన పళ్ళెంతో వచ్చింది. పళ్ళెం కిటికీలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఎప్పటిలా నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. వినేవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి, అది కూడా నియమమే. చదివేవాళ్ళు ఏ మాటనూ నొక్కి చదవకూడదు. నేను నొక్కలేదు.

"సిలికోసిస్. రాయి పొడిచేసే చోట గాలిలో తేలే సన్నని సిలికా ధూళిని ఇరవై ఏళ్ళకు తక్కువ కాకుండా పీల్చడం వల్ల ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే వ్యాధి."

ఆమె పెద్దసారు వైపు తిరిగి అప్పజెప్పింది.

"రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. ఇరవై ఏళ్ళు పీలిస్తేనే జబ్బు. పంతొమ్మిదేళ్ళ పదకొండు నెలలు పీలిస్తే జబ్బు కాదు. అంతేనా సార్?"

"సరిగ్గా చెప్పావు" అన్నారాయన, సిరా డబ్బా ముందుకు జరుపుతూ. "వేలు వెయ్యి."

"వెయ్యను."

"అదేంటి? అర్థమైందిగా?"

"అర్థమైంది కాబట్టే వెయ్యను సార్."

గదిలో ఫ్యాను తిరగని సంగతి ఆ క్షణంలో అందరికీ తెలిసింది. పెద్దసారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుకు తుడిచారు.

"చూడమ్మా, వేలిముద్ర అంటే ఒప్పుకున్నట్టు కాదు. అర్థమైనట్టు. అంతవరకే."

"అది మీ లెక్క సార్. తొమ్మిదేళ్ళుగా నేను వేసిన ప్రతి వేలూ, ఈ చదువుకున్నవాళ్ళు చెప్పింది నిజమేనని నమ్మి వేశాను. ప్లీహం ఎక్కడుంటుందో నేను చూశానా? మీరు చెప్పారు, నమ్మాను. ఇదొక్కటి మాత్రం నేను చూశాను. మా ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుంది." ఆమె గొంతు పెంచలేదు. "మూడేళ్ళ క్రితం ఆయనకి దగ్గు మొదలైతే క్లినిక్కుకి వెళ్ళాం. 'నీకింకా ఇరవై నిండలేదు, పనికి పో' అన్నారు. మర్నాడే పనికి పోయాడు. ఈ ఇరవై అనే మాట ఏ కాగితం మీదనుంచి వచ్చిందా అని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను."

నాకు అక్క మీద కోపం నషాళానికి అంటింది. క్లినిక్కులో కూర్చుని ఆ మాట అన్నది అక్కే కదా.

పెద్దసారు చెడ్డవారు కారు. కానీ నాలుగు గంటలకు కట్ట పోవాలంటే ఎంత మంచివాడికైనా నాలుక కాస్త మెలిక తిరుగుతుంది.

"ఇందులో నీకు సొంత సంగతి ఉంది. అలాంటప్పుడు నువ్వు వినే మనిషివి కాలేవు. నీ వేలిముద్ర చెల్లదు" అన్నారు.

టీ వదిన లేవబోయింది. నేను ఆమె భుజం మీద చేయివేసి కూర్చోబెట్టాను.

"అలాగైతే ఆరు వేల నూట నలభై కార్డులు చెల్లవు సార్."

"ఏమిటి?"

"ఈ బీరువాల్లో వదిన వేలిముద్ర ఉన్న కార్డులు ఆరు వేల నూట నలభై. రక్తం కార్డు ఆవిడ విన్నప్పుడు ఒంట్లో రక్తం లేదా? గర్భసంచి కార్డు విన్నప్పుడు ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. అప్పుడు సొంత సంగతి కాలేదా? ఒళ్ళున్న ప్రతి మనిషికీ ఈ పుస్తకంలో సొంత సంగతే సార్. ఒళ్ళు లేనివాణ్ణి ఎవర్నైనా పట్టుకురండి. వేలిముద్ర ఎలా వేస్తాడో నేనూ చూస్తాను."

ఆయన మూతి బిగుసుకుంది. ఎడమ చెంప మాత్రం నవ్వు ఆపుకోలేక కదిలింది. నాకీ ఉద్యోగం నేర్పింది ఆయనే మరి, తన పాఠం తనకే అప్పజెబుతుంటే ఎక్కడో ఒకచోట సంతోషం ఉంటుంది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆ చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కుడికాలు కాస్త గట్టిగా పడుతుంది.

*

అక్క తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుని వచ్చింది. పెద్దసారు పొద్దున్నే ఫోన్ చేసి ఉంటారు, నేను గొడవ చేస్తానని ఆయనకు ముందే తెలుసు. ఆమె నాకేసి చూసింది, టీ వదినకేసి చూడలేదు.

"చిట్టీ, అన్నం తిన్నావా?" అంది.

ఇది మా అక్క యుద్ధతంత్రం. ఏ గొడవైనా అన్నంతో మొదలుపెడుతుంది.

"ఇరవై ఏళ్ళు ఎక్కడివక్కా?"

"నేను కొత్తగా చేర్చిందేమీ లేదు. నీలిఅట్టలో ఉన్నదే పెట్టమన్నాను."

నీలిఅట్ట అంటే పన్నెండేళ్ళ క్రితం మా ఆఫీసే ఫ్యాక్టరీ డాక్టర్ల కోసం హడావుడిగా వేసిన సన్నపాటి పుస్తకం. మా ఆఫీసులో ఉన్న ప్రతులను చెదలు తినేశాయి. తిన్న చెదలు కూడా బతికి ఉండవని మాలో ఒక హాస్యం.

"నీలిఅట్టలో తప్పుంటే తప్పును మళ్ళీ అచ్చువేస్తామా? విన్నవారి వేలిముద్ర లేకుండా ఈ కార్డు కదలదు" అన్నాను.

"నీకు కావలసింది వేలిముద్రేగా? కింద మా డ్రైవరున్నాడు. చదువు రాదు. మిల్లులో పనిచేసే చుట్టాలెవరూ లేరు. ఏ సొంత సంగతీ లేదు. అతనికి వినిపించు."

పెద్దసారు తల ఊపారు. టీ వదిన నాకేసి చూసింది. ఒద్దంటే నియమానికి నేనే ఎదురుతిరిగినట్టు. పైగా ఇంతసేపూ నియమం, నియమం అని గొంతు చించుకున్నది నేనే.

"పిలవండి" అన్నాను. "ఎవరైనా సరే. నేను చదువుతాను."

డ్రైవరు యాభై దాటిన మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, స్టూలు మీద కూర్చోవడానికి మొహమాటపడుతూ అంచున కూర్చున్నాడు. ఏం చేయాలో పెద్దసారు వివరించారు. వినడం, తన మాటల్లో చెప్పడం, వేలిముద్ర వేయడం. అతను బుద్ధిగా వింటూ, బడికి మొదటిరోజు వచ్చినవాడిలా చేతులు కట్టుకున్నాడు. నేను మళ్ళీ చదివాను. ఏ మాటా నొక్కలేదు.

"ఇంకోసారి చదవండమ్మా" అన్నాడు. చదివాను.

"ఆ, అర్థమైందండి. రాతిపొడి ఇరవై ఏళ్ళు పీలిస్తే జబ్బు. ఈలోపల ఎంత పీల్చినా ఏమీ కాదు." అని, మళ్ళీ కాస్త ఆలోచించి చెప్పాడు. "అంటే మనిషిని పంతొమ్మిదేళ్ళ దాకా ఆ గదిలో నిశ్చింతగా ఉంచెయ్యొచ్చు. తర్వాత మార్చెయ్యొచ్చు. అంతేనా అండి?"

అతను సిరా డబ్బా వైపు చేయి చాపి ఆగాడు. అక్క వైపు తిరిగాడు. ఆ మొహంలో కల్లాకపటం లేదు. అడిగిన తీరు చూస్తే దారి అడిగినట్టే ఉంది.

"మరి డాక్టరమ్మగారూ, మిల్లు గేటు దాటగానే కారు అద్దాలు ఎత్తేయమని రోజూ ఎందుకంటారండీ? మీరొచ్చి పదిహేనేళ్ళే కదా అయింది. మనకింకా ఐదేళ్ళుందిగా."

నేను అక్కను చూశాను. అక్క కోటును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడినప్పుడు కాదు, నిజం దొరికిపోయినప్పుడే మా ఇంట్లో అందరి చెవులూ ఎర్రబడతాయి.

"తప్పుగా అడిగానా అండి?" అన్నాడు డ్రైవరు కంగారుగా.

"లేదయ్యా" అన్నారు పెద్దసారు. "ముప్పై ఏళ్ళలో ఇంత సరిగ్గా విన్నవాణ్ణి నేను చూడలేదు."

ఆయన కార్డు తన ముందుకు లాక్కున్నారు. ఎర్రసిరా కలంతోనే ఎర్రసిరా మాటల మీద అడ్డంగా గీత గీశారు. కొట్టేసిన నా మాటల కింద చుక్కలు పెట్టి 'ఉంచాలి' అని రాశారు. తర్వాత కార్డు నాకిచ్చి, టీ వదిన ముందు తల కొంచెం వంచి, "విను తల్లీ" అన్నారు.

చదివాను. వదిన విన్నది. ఈసారి తిరిగి చెబుతున్నప్పుడు మధ్యలో ఒక్కచోట ఆగింది. "పని మానినా తగ్గదు" అన్నచోట. అయినా చివరిదాకా చెప్పింది. బొటనవేలు సిరాలో ముంచి, గడిలో గట్టిగా అదిమింది. ఎంత గట్టిగానంటే కింద కార్డు మీద కూడా పల్లం పడింది.

"ఏం మరదలా, గెలిచామా?" అంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ.

"గెలిచాం వదినా."

గడియారం మూడున్నర దాటింది. కార్డు కట్టలోకి వెళ్ళింది, కట్ట అచ్చుకు వెళ్ళింది. డ్రైవరు అందరికీ దండం పెట్టి, చేసిన మేలేమిటో తెలియకుండానే కారు దగ్గరకు దిగిపోయాడు. పెద్దసారు లేచి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఫ్యాను వేశారు.

కథ ఇక్కడ ఆపితే మీరూ నేనూ హాయిగా నిద్రపోవచ్చు.

*

అక్క వెళ్ళలేదు.

"అద్దాలు ఎత్తమన్న మాట నిజమే" అంది. "ఆ పొడి సంగతి నాకు తెలియదని నేనెప్పుడూ అనలేదు. పోనీలే, మీ కొత్త కార్డు మంచిదే. కానీ చిట్టీ, అది సోమవారం పనికిరాదు."

"ఎందుకు రాదు?"

"కొత్త పుస్తకం ఇంకా అచ్చులోనే ఉంది. అతనికి జబ్బు వచ్చింది పాతది చెల్లుబాటులో ఉన్నప్పుడు. పాతదే చూడాలని మిల్లు వకీలు అంటాడు. నీలిఅట్ట చూపిస్తాడు."

"నీలిఅట్టలో ఆ మాట రాసినవాణ్ణి పిలిపిస్తాం. ఏ ఆధారంతో రాశావని బోర్డు ముందు నిలదీస్తాం. ఏ గాడిద రాశాడో ముందు అది తేలనీ!"

అక్క సంచిలోంచి ఒక పాత కార్డు తీసింది. అంచులు పసుపుబారాయి. పన్నెండేళ్ళ క్రితం సరిచూడమని క్లినిక్కుకు పంపి, మేం తిరిగి అడగడం మరిచిపోయిన కార్డు. వకీలు దాని నకలు ఎప్పుడో తీసుకున్నాడట. అక్క దాన్ని బల్లమీద పెట్టింది, వెనకవైపు పైకి ఉండేలా.

రాసినవారు: నా సంతకం.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది. నీలిఅట్ట కోసం పది రోజుల్లో మూడు వందల పద్నాలుగు కార్డులు రాశాను. ఏదో ఒక పాత పుస్తకంలో 'సాధారణంగా ఇరవై ఏళ్ళు' అని ఉంటే, 'సాధారణంగా' వదిలేసి రాశాను. చోటు చాలలేదనుకుంటాను. అనుకోవడం కూడా దేనికి, నాకు ఆ కార్డు గుర్తే లేదు. రాసిన చేయి మరిచిపోయింది, పీల్చినవాడికి మరిచిపోయే వీలు లేకపోయింది.

అంతవరకు తప్పు. తప్పులు అందరూ చేస్తారు, వాటిని పట్టుకోవడానికే మూడో గడి. నా కళ్ళు మూడో గడి మీదికి వెళ్ళాయి.

విన్నవారు: అక్కడ వేలిముద్ర లేదు. అక్కడ కూడా నా సంతకమే, తొందరగా, గజిబిజిగా.

అప్పట్లో వినే మనిషి కాపలా తాత. ఆ పది రోజులూ ఆయనకు జ్వరం. నేను ఎవరికీ వినిపించలేదు. రాసిందీ నేనే, విన్నదీ నేనే.

"ఇది బయటపడకూడదనే పాతదే పెట్టమన్నాను" అంది అక్క, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా. "కొత్తదానికీ పాతదానికీ తేడా వస్తే పాతది ఎవరు రాశారని అడుగుతారు. వినిపించని కార్డు చెల్లదు. అది నువ్వు నోరు విప్పి చెబితే నీలిఅట్ట మొత్తం కొట్టుకుపోతుంది, అతనికి మంచం వస్తుంది. నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ గీతలు ఎవరివో నీకూ నాకూ తప్ప పోల్చుకునేవాళ్ళు లేరు."

అక్క పొరపాటు పడింది. చదువురానివాళ్ళు అక్షరాలు పోల్చలేరు, నిజమే. కానీ తొమ్మిదేళ్ళపాటు, ఆరు వేల నూట నలభై సార్లు, ఒక సంతకం పక్కన బొటనవేలు వేసిన మనిషి ఆ సంతకాన్ని చీకట్లో కూడా పోలుస్తుంది.

టీ వదిన ఖాళీ గ్లాసులు తీయడానికి బల్ల దగ్గరకు వచ్చింది. కార్డు చూసింది. మొదటి గడి చూసింది, మూడో గడి చూసింది. గ్లాసులు ఎక్కడివక్కడే వదిలేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. బొటనవేలికి సిరా ఇంకా ఆరలేదు.

"చదవండమ్మా" అంది. "అప్పుడు వినిపించలేదుగా. ఇప్పుడు వినిపించండి."

తొమ్మిదేళ్ళలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. పెద్దసారు కలం జేబులో పెట్టుకోబోయి ఆగిపోయారు. పైన ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద కార్డు ఎగరబోతుంటే అరచేత్తో నొక్కిపట్టాను.

"నువ్వు పక్కకు జరుగక్కా" అన్నాను. "వినేవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి."

కార్డు ముందువైపుకు తిప్పాను. అక్షరాలు నావే, కాస్త చిన్నవి, కాస్త గర్వంగా ఉన్నవి.

"సిలికోసిస్" అని మొదలుపెట్టాను.